అయోడిన్‌ను మరిచిన కణం: థైరాయిడ్ క్యాన్సర్‌కు జన్యు చికిత్స ఎంతవరకు వచ్చింది?

క్యాన్సర్లలో థైరాయిడ్ క్యాన్సర్ తీరు వేరు. అది వచ్చినవాళ్లలో అత్యధికులు ఒక ఆపరేషన్‌తో, అవసరమైతే ఒక మోతాదు రేడియో అయోడిన్‌తో గట్టెక్కుతారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే థైరాక్సిన్ మాత్ర వేసుకుంటూ, తమ పనులు తాము చేసుకుంటూ దశాబ్దాలు బతుకుతారు. అదే గ్రంథిలో పుట్టే ఇంకో రకం మాత్రం కొన్ని నెలల్లోనే ప్రాణం తీస్తుంది. దాని ముందు వైద్యం చాలాకాలం చేతులెత్తేసింది. జన్యు చికిత్స గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండు కొసలూ మనసులో ఉంచుకోవాలి. మొదటి కొసన ఉన్నవారికి ఆ చికిత్స అక్కర్లేదు. రెండో కొసన ఉన్నవారికీ, మధ్యలో రేడియో అయోడిన్ పనిచేయడం మానేసినవారికీ అది కావాలి. వాళ్ల సంఖ్య తక్కువే. కానీ ఈ క్యాన్సర్‌తో పోయే ప్రాణాల్లో ఎక్కువ భాగం వాళ్లవే.

ముందు రకాల సంగతి చూద్దాం. పాపిలరీ, ఫాలిక్యులర్ అనే రెండు రకాలు కలిపి పదింట తొమ్మిది కేసులుంటాయి. ఇవి అయోడిన్‌ను పీల్చుకునే కణాల నుంచి పుడతాయి, నెమ్మదిగా పెరుగుతాయి. మెడుల్లరీ రకం అదే గ్రంథిలో ఉండే వేరే కణాల నుంచి పుడుతుంది. వాటికి అయోడిన్‌తో పని లేదు. నాలుగోది అనాప్లాస్టిక్. మొత్తం కేసుల్లో ఇది నూటికి ఒకటో రెండో. మెడలో గడ్డ వారాల్లోనే పెరిగి శ్వాసనాళాన్ని నొక్కేసేది ఇదే.

పాపిలరీ రకం ఎంత నెమ్మదైనదో దక్షిణ కొరియా అనుభవం చూపించింది. అక్కడ మెడకు అల్ట్రాసౌండ్ పరీక్షలు విరివిగా చేయడంతో, 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం పెరగలేదు. అంటే ఆ గడ్డల్లో చాలావరకు బయటపడకపోయినా ఎవరికీ హాని చేసి ఉండేవి కావు. కొత్త చికిత్స గురించి వినగానే ప్రతి గడ్డకూ అది కావాలనుకోవడం ఎంత పొరపాటో ఈ లెక్క చెబుతుంది.

ఇక అయోడిన్ దగ్గరికి వద్దాం. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

గొంతుముడికి కాస్త కింద ఉండే థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ ముడిసరుకు. అది లేకుండా హార్మోన్ తయారు కాదు. కానీ రక్తంలో అయోడిన్ చాలా పలచగా తిరుగుతుంటుంది. అందుకని థైరాయిడ్ కణాలు తమ పొర మీద ఒక ప్రత్యేక ప్రోటీన్‌ను నిలుపుకుంటాయి. దాన్ని వైద్యులు ఎన్ఐఎస్ (సోడియంతో పాటు అయోడైడ్‌ను కణంలోకి చేరవేసే ప్రోటీన్) అంటారు. కణం బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. అందువల్ల సోడియం ఎప్పుడూ లోపలికి రావాలని చూస్తుంటుంది. ఆ ఊపును ఈ ప్రోటీన్ వాడుకుంటుంది. రెండు సోడియం అయాన్లు లోపలికి వచ్చేటప్పుడు ఒక అయోడైడ్‌ను వెంట లాక్కొస్తుంది. అలా రక్తంలో కంటే ఇరవై నుంచి నలభై రెట్లు చిక్కగా థైరాయిడ్ కణం అయోడైడ్‌ను పోగుచేసుకుంటుంది.

మనిషి ఒంట్లో ఈ పని ఇంత గట్టిగా చేసే అవయవం ఇదొక్కటే. వైద్యులు దీన్నే ఆయుధంగా మార్చుకున్నారు. అయోడిన్‌లో రేడియోధార్మిక రూపం ఇస్తే అది కూడా అదే దారిన అదే కణాల్లోకి వెళ్తుంది. అమెరికాలోని బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ 1941లో అతి చురుకైన థైరాయిడ్‌కు ఈ పద్ధతి వాడాడు. న్యూయార్క్‌లో శామ్యూల్ సైడ్లిన్ బృందం, ఒళ్లంతా పాకిన థైరాయిడ్ క్యాన్సర్‌కు దాన్ని వాడి 1946లో ఫలితాలు ప్రకటించింది. ఇప్పుడు వాడే అయోడిన్-131 అర్ధాయుష్షు (సగం పరమాణువులు క్షీణించడానికి పట్టే కాలం) ఎనిమిది రోజులు. అది వెదజల్లే బీటా కణాలు కణజాలంలో రెండు మిల్లీమీటర్లకు మించి పోలేవు. ఎముకలో, ఊపిరితిత్తిలో ఎక్కడ థైరాయిడ్ క్యాన్సర్ కణం దాక్కున్నా అయోడిన్ అక్కడికే చేరి, అక్కడే కాల్చి, పక్క అవయవాన్ని చాలావరకు వదిలేస్తుంది.

ఈ చికిత్స తీసుకునే రోగిని దగ్గర్నుంచి చూస్తే దీని తర్కం ఇంకా బాగా అర్థమవుతుంది. రెండు వారాల ముందు నుంచి అయోడిన్ తక్కువగా ఉన్న తిండి తినమంటారు. అయోడైజ్డ్ ఉప్పు వద్దు. పాలు, పెరుగు, గుడ్డు, సముద్రపు చేపలు, ప్యాకెట్లలో దొరికే చిరుతిళ్లు వద్దు. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం మనవాళ్లకు చిన్న సంగతేం కాదు, అయినా చేస్తారు. థైరాక్సిన్ మాత్ర కొన్ని వారాలు ఆపేస్తారు, లేదా దానికి బదులు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. రెండింటి ఉద్దేశమూ ఒకటే. రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే మెదడు గ్రంథి హార్మోన్) పెరగాలి. అది పెరిగితే కణాలు ఎన్ఐఎస్‌ను ఇంకా ఎక్కువగా తయారుచేస్తాయి. అప్పటికి అయోడిన్ కోసం మొహంవాచి ఉన్న కణాలకు, సీసపు డబ్బాలోంచి తీసిన క్యాప్సూల్‌నో ద్రావణాన్నో అందిస్తారు. మోతాదు పెద్దదైతే రోగి ప్రత్యేక గదిలో ఒంటరిగా ఉండాలి. భోజనం తలుపు దగ్గర పెట్టి వెళ్తారు. నీళ్లు బాగా తాగమంటారు, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు వదలమంటారు. ఇంటికి వెళ్లాక కూడా కొన్నాళ్లు చంటిపిల్లలనూ గర్భిణులనూ దగ్గరికి రానీయరు. తర్వాత ఒంటిని గామా కెమెరాతో ఫొటో తీస్తే, అయోడిన్ చేరిన చోటల్లా మచ్చలుగా కనిపిస్తుంది. క్యాన్సర్ ఉన్నచోట మచ్చ కనిపించిందంటే దానికి మందు అందిందని అర్థం.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కొందరిలో సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తి నిండా గడ్డలు కనిపిస్తాయి, అయోడిన్ ఫొటోలో మాత్రం ఏమీ ఉండదు. క్యాన్సర్ ఉంది, అయోడిన్ తీసుకోవడం లేదు. ఈ దశకు రేడియో అయోడిన్‌కు లొంగని దశ అని పేరు. మోతాదు ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు.

ఎందుకలా మారుతుంది? పాపిలరీ క్యాన్సర్లలో సుమారు సగానికి బీఆర్ఏఎఫ్ అనే జన్యువులో ఒకే మ్యుటేషన్ (జన్యువు రాతలో పడిన మార్పు) ఉంటుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 600వ స్థానంలో ఉండాల్సిన వాలీన్ అనే అమైనో ఆమ్లం బదులు గ్లుటామిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. ఈ ప్రోటీన్ పని, ‘పెరుగు’ అనే సంకేతాన్ని కణం బయటి నుంచి లోపలికి మోసుకెళ్లడం. మామూలుగా సంకేతం వచ్చినప్పుడే ఇది మేల్కొంటుంది. ఆ ఒక్క మార్పుతో ఇక నిద్రపోదు. కణం విరామం లేకుండా విభజన చెందుతుంటుంది. పెరగడమే పనిగా పెట్టుకున్న కణం థైరాయిడ్ కణంగా తాను చేయాల్సిన పనులను ఒక్కొక్కటే వదిలేస్తుంది. వాటిలో ఎన్ఐఎస్ తయారీ ఒకటి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఎన్ఐఎస్ జన్యువు ఆ కణంలోంచి ఎక్కడికీ పోలేదు. 19వ క్రోమోజోము మీద భద్రంగానే ఉంది. కాకపోతే కణం దాన్ని చదవడం మానేసింది. కాబట్టి అయోడిన్‌కు మళ్లీ దారి తెరవాలంటే రెండు ఉపాయాలున్నాయి. పనిచేసే కొత్త ప్రతిని బయటి నుంచి కణంలో పెట్టడం ఒకటి, అదే జన్యు చికిత్స. ఉన్న ప్రతిని మళ్లీ చదివేలా చేయడం రెండోది, దానికి మాత్ర చాలు. వైద్యం ఈ రెండు దారుల్లోనూ నడిచింది.

జన్యు చికిత్స అంటే జబ్బును నయం చేయడానికి కణంలోకి జన్యువును పంపడం. ఆలోచన 1970ల నాటిది. 1990 సెప్టెంబరులో అమెరికాలో పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని నాలుగేళ్ల పాపకు తొలిసారి అధికారిక అనుమతితో చేశారు. జన్యువు తనంతట తాను కణంలోకి వెళ్లదు. దాన్ని మోసుకెళ్లడానికి వెక్టర్ (జన్యువును కణంలోకి చేర్చే వాహకం) కావాలి. కణాల్లోకి చొరబడడంలో వైరస్‌లది అందెవేసిన చేయి. అందుకే వాటిలోంచి జబ్బు చేసే భాగాలు తీసేసి, మనకు కావలసిన జన్యువును చేర్చి పంపుతారు.

పుట్టుకతో వచ్చే జబ్బుకూ క్యాన్సర్‌కూ ఇక్కడే తేడా వస్తుంది. వంశపారంపర్య జబ్బులో నూటికి పది కణాలు బాగుపడినా చాలాసార్లు రోగికి ఊరట దొరుకుతుంది. క్యాన్సర్‌లో అలా కుదరదు. తొంభై తొమ్మిది కణాలు బాగుపడి ఒక్కటి మిగిలినా, ఆ ఒక్కటే మళ్లీ గడ్డగా పెరుగుతుంది. పైగా ప్రతి కణానికీ వైరస్ చేరడం అసాధ్యం. అందువల్ల ‘చెడిన జన్యువును సరిచేస్తే క్యాన్సర్ కణం మంచిదైపోతుంది’ అన్న దారి ఆచరణలో పెద్దగా ముందుకు సాగలేదు. పీ53 (పాడైన కణం విభజనను ఆపే కాపలా జన్యువు) అనాప్లాస్టిక్ రకంలో తరచు చెడిపోయి ఉంటుంది. దాని మంచి ప్రతిని మోసుకెళ్లే వైరస్‌కు చైనా 2003లో తల, మెడ క్యాన్సర్లలో వాడకానికి అనుమతి ఇచ్చింది. మిగతా ప్రపంచం దాన్ని పెద్దగా అనుసరించలేదు. క్యాన్సర్‌లో జన్యువును పంపేది కణాన్ని బాగుచేయడానికి కాదు. దాన్ని చంపే సాధనానికి అందుబాటులోకి తేవడానికి.

ఈ కోణంలో చూస్తే ఎన్ఐఎస్ జన్యువు చక్కటి అభ్యర్థి. కారణం బీటా కణాలు ప్రయాణించే ఆ మిల్లీమీటరో రెండో. జన్యువు అందిన కణంలో చేరిన అయోడిన్, దాని చుట్టూ ఉన్న వందలాది కణాలను కూడా కాల్చగలదు. ప్రతి కణానికీ జన్యువు చేరాల్సిన పనిలేదు. ఇంకో లాభం, జన్యువు ఎక్కడికి చేరిందో గామా కెమెరాతో బయటి నుంచే చూడవచ్చు. చాలా జన్యు చికిత్సల్లో ఈ వెసులుబాటు లేదు.

ఎన్ఐఎస్ జన్యువును న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో నాన్సీ కరాస్కో బృందం 1996లో ఎలుకలో గుర్తించింది. ఆ ఏడే మనిషి జన్యువు కూడా దొరికింది. మరుసటి ఏడాదే అయోడిన్‌ను మరిచిన ఎలుక థైరాయిడ్ కణాల్లో దాన్ని ప్రవేశపెట్టి చూశారు. కణాలు మళ్లీ అయోడిన్‌ను లాక్కున్నాయి. కానీ త్వరగానే వదిలేశాయి.

కారణం అర్థం చేసుకోదగ్గది. ఆరోగ్యకరమైన థైరాయిడ్ కణం అయోడిన్‌ను లోపలికి తెచ్చుకుని ఊరుకోదు. ఇంకో ఎంజైమ్ సాయంతో దాన్ని థైరోగ్లోబ్యులిన్ అనే పెద్ద ప్రోటీన్‌కు కట్టేస్తుంది. కట్టేసింది కాబట్టే అది రోజుల తరబడి నిలుస్తుంది. క్యాన్సర్ కణం కట్టేసే పనినీ మానేసింది. కాబట్టి లోపలికి వచ్చిన అయోడిన్ కొద్ది గంటల్లో బయటికి జారిపోతుంది. అర్ధాయుష్షు ఎనిమిది రోజులున్న అయోడిన్-131 కొద్ది గంటల్లో విడుదల చేసే శక్తి చాలా తక్కువ. దీనికి పరిశోధకులు రెండు విరుగుడులు ప్రయత్నించారు. కట్టేసే ఎంజైమ్ జన్యువును కూడా జతచేసి పంపడం ఒకటి. శక్తిని తొందరగా వదిలే మూలకాలు వాడడం రెండోది. ఏడు గంటల పైచిలుకు అర్ధాయుష్షు ఉన్న ఆస్టటీన్-211, సుమారు 17 గంటల రీనియం-188 కూడా ఎన్ఐఎస్ దారినే కణంలోకి వెళ్తాయి. ప్రయోగశాలలో, జంతువుల్లో వీటికి ఆశాజనకమైన ఫలితాలు వచ్చాయి.

అయితే జంతువుల నుంచి మనిషి దగ్గరికి వచ్చేసరికి అసలు అడ్డంకి జన్యువు కాదు, దాన్ని చేర్చడం. జలుబు కలిగించే అడినో వైరస్‌ను రక్తంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగాన్ని కాలేయం పీల్చేసుకుంటుంది. మిగిలినదాన్ని మన ఒంట్లో ముందే ఉన్న యాంటీబాడీలు పట్టేస్తాయి. ఎందుకంటే ఆ జలుబు మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. మోతాదు పెంచితే ఒంటి ప్రతిస్పందన ప్రమాదకరమవుతుంది. 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాలేయ జబ్బుకు జరిగిన ప్రయోగంలో 18 ఏళ్ల యువకుడు ఇలాగే చనిపోయాడు. ఆ మరణం తర్వాత ఈ రంగమంతా కొన్నేళ్లపాటు వెనకడుగు వేసింది. భద్రతా నియమాలు గట్టిపడ్డాయి. అలా గట్టిపడడం అవసరమేనని నా అభిప్రాయం.

అమెరికాలోని మేయో క్లినిక్ వేరే వైరస్‌ను ఎంచుకుంది. తట్టు టీకాలో వాడే బలహీనపరిచిన వైరస్‌కు ఎన్ఐఎస్ జన్యువును జోడించింది. ఇది కణాన్ని చంపుతూ పెరిగే వైరస్, ఎక్కడ పెరుగుతోందో అయోడిన్ స్కాన్‌లో కనిపిస్తుంది. మైలోమా అనే ఎముకమజ్జ క్యాన్సర్ ముదిరిన ఇద్దరికి ఇచ్చిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఒకరిలో జబ్బు పూర్తిగా వెనక్కి తగ్గింది. గడ్డల చోట వైరస్ పెరుగుతున్నట్టు స్కాన్ చూపింది. కానీ ఇచ్చిన వైరస్ మోతాదు పదివేల కోట్ల యూనిట్లు. సుమారు కోటి మందికి టీకా వేయడానికి సరిపోయేంత. అదీ ఒంట్లో తట్టు యాంటీబాడీలు బాగా తక్కువగా ఉన్నవారిని చూసి ఇచ్చారు. టీకా వేయించుకున్నవారిలోనో, తట్టు వచ్చి తగ్గినవారిలోనో ఆ వైరస్ గడ్డ దాకా పోవడం కష్టం. థైరాయిడ్ నుంచి తీసుకున్న జన్యువు ఇతర క్యాన్సర్లలో మనుషుల దాకా వచ్చింది, సొంత ఇంట్లో మాత్రం ఇంకా ప్రయోగశాల గడప పూర్తిగా దాటలేదు.

దానికి ఒక కారణం, రెండో దారి తొందరగా ఫలించడం. 2013లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ కేంద్రం ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. రేడియో అయోడిన్‌కు లొంగని 20 మందికి నాలుగు వారాలపాటు సెల్యుమెటినిబ్ అనే మాత్ర ఇచ్చారు. బీఆర్ఏఎఫ్ మోసుకొచ్చే ‘పెరుగు’ సంకేతాన్ని దాని కింది మెట్టు దగ్గర ఆపే మందు ఇది. 12 మందిలో గడ్డలు మళ్లీ అయోడిన్‌ను పీల్చడం మొదలుపెట్టాయి. ఎనిమిది మందిలో ఆ పీల్చుడు చికిత్సకు సరిపడా ఉంది. వాళ్లకు రేడియో అయోడిన్ ఇచ్చారు. ఐదుగురిలో గడ్డలు తగ్గాయి, ముగ్గురిలో పెరగకుండా ఆగాయి.

అరుపులాంటి ఆ సంకేతం తగ్గగానే కణం తన పాత పని గుర్తుతెచ్చుకుందన్నమాట. ఇది జన్యు చికిత్స కాదు. కానీ జన్యు చికిత్స చేయాలనుకున్న పనే చేసింది, అదీ వైరస్ లేకుండా. రోగికి కావలసింది గడ్డ తగ్గడమే కాబట్టి, మాత్రతో అయ్యే పనికి వైరస్ కోసం పట్టుబట్టాల్సిన అవసరం లేదు. దీనికీ హద్దులున్నాయి. జబ్బు ముదరకముందే, ఆపరేషన్ అయిన వెంటనే ప్రమాదం ఎక్కువున్నవారికి ఇదే మాత్ర ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగంలో అదనపు లాభం కనిపించలేదు. ఎవరి గడ్డలో ఏ మ్యుటేషన్ ఉందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

అనాప్లాస్టిక్ రకంలో ఈ దారి కూడా కష్టమే. ఆ కణాలు థైరాయిడ్ గుణాలను దాదాపు పూర్తిగా పోగొట్టుకుని ఉంటాయి. పాత పని గుర్తుచేద్దామన్నా గుర్తులేమీ మిగలవు. అయితే వీటిలో కొన్నింటికి కూడా బీఆర్ఏఎఫ్ మ్యుటేషన్ ఉంటుంది. డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే రెండు మాత్రలు కలిపి ఇచ్చినప్పుడు, తొలి ప్రయోగంలోని 16 మందిలో 11 మందికి గడ్డలు తగ్గాయి. నెలల్లో చనిపోయే జబ్బులో అది మామూలు విషయం కాదు. 2018 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జంటను ఆమోదించింది. కొన్నాళ్లకు కణాలు ఈ మందులకూ అలవాటు పడతాయి. ఆ మ్యుటేషన్ లేనివారికి ఇవి పనికిరావు. జన్యు చికిత్సకు నిజమైన చోటు అక్కడుంది. అక్కడికి ముందుగా చేరుతున్నది ఎన్ఐఎస్ కాదు, కార్-టీ.

కార్-టీ (క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే జన్యువు చేర్చిన టీ కణాల చికిత్స) కూడా జన్యు చికిత్సే. తేడా ఏమిటంటే, జన్యువును గడ్డలోకి కాక రోగి సొంత రక్షక కణాల్లోకి పంపుతారు. దాన్ని ఒంటి బయట, ప్రయోగశాలలో చేస్తారు. దాంతో గడ్డ దాకా వైరస్‌ను చేర్చాల్సిన ఇబ్బంది తప్పుతుంది. రోగి రక్తాన్ని ఒక యంత్రం గుండా నడిపి తెల్లకణాలను వేరుచేస్తారు, మిగతా రక్తం తిరిగి ఒంట్లోకి పోతుంది. ప్రయోగశాలలో వైరస్ సాయంతో టీ కణాలకు కొత్త గ్రాహకం (లక్ష్యాన్ని పట్టుకునే ప్రోటీన్) జన్యువును చేరుస్తారు. వాటిని కోట్ల సంఖ్యలో పెంచుతారు. ఇది వారాల పని. ఇంతలో రోగికి కొద్దిపాటి కీమో ఇచ్చి పాత టీ కణాలను తగ్గిస్తారు, కొత్తవాటికి చోటు దొరకాలి కదా. చివరికి ఎక్కించేది ఒక చిన్న సంచి. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అసలు కాపలా ఆ తర్వాతే. కణాలు పోరాటం మొదలుపెడితే తీవ్రమైన జ్వరం, రక్తపోటు పడిపోవడం, కొందరిలో మతి తడబడడం కనిపిస్తాయి. అందుకే రోజుల తరబడి గమనిస్తారు.

రక్త క్యాన్సర్లలో ఈ చికిత్స ఎందుకు నెగ్గిందో చూస్తే థైరాయిడ్ ప్రత్యేకత తెలుస్తుంది. అక్కడ లక్ష్యం సీడీ19 అనే ప్రోటీన్. అది బీ కణాల మీదే ఉంటుంది. చికిత్సలో మంచి బీ కణాలు కూడా చచ్చిపోయినా మనిషి బతకగలడు. ఊపిరితిత్తి, కాలేయం లాంటి గట్టి అవయవాల క్యాన్సర్లలో అలాంటి లక్ష్యం దొరకదు. గడ్డ మీదున్నది మంచి అవయవం మీదా ఉంటుంది, దాన్ని పోగొట్టుకోలేం. థైరాయిడ్ మాత్రం వదులుకోగలిగిన అవయవం. చాలామందిలో అప్పటికే తీసేసి ఉంటారు, మాత్ర దాని లోటు తీరుస్తుంది. కాబట్టి థైరాయిడ్ కణం మీదే ప్రధానంగా ఉండే టీఎస్‌హెచ్ గ్రాహకాన్ని లక్ష్యంగా పెట్టుకోవడానికి వీలుంది. ఒక్కటే ఇబ్బంది, క్యాన్సర్ ముదిరే కొద్దీ ఈ గ్రాహకం కూడా తగ్గిపోతుంది. ఇందాక చెప్పుకున్న సంకేతాన్ని ఆపే మాత్రలతో దాన్ని మళ్లీ పైకి తేగలమా అని ప్రయోగశాలల్లో చూస్తున్నారు. అంటే రెండు దారులూ చివరికి ఒకచోట కలిసే అవకాశం ఉంది.

అనాప్లాస్టిక్ రకానికి మనుషుల మీద పరీక్షలో ఉన్న కార్-టీ లక్ష్యం వేరు. దాని పేరు ఐకామ్-1. ఇది మామూలు కణాల మీద కూడా కొద్దిగా ఉంటుంది, క్యాన్సర్ కణాల మీద దట్టంగా ఉంటుంది. అందుకని పరిశోధకులు గ్రాహకం పట్టును కావాలనే సడలించారు. పట్టు బలహీనంగా ఉంటే ఒకటో రెండో ఐకామ్-1లున్న మంచి కణాన్ని టీ కణం వదిలేస్తుంది. దట్టంగా ఉన్నచోట అనేక పట్లు ఒకేసారి దొరికి గట్టిగా అంటుకుంటుంది. కణాలు ఒంట్లో ఎక్కడికి వెళ్లాయో స్కాన్‌లో కనిపించేలా ఇంకో జన్యువును కూడా వాటికి జోడించారు. ఎన్ఐఎస్ నేర్పిన పాఠం ఇక్కడ పనికొచ్చింది. మెడుల్లరీ రకానికి జీఎఫ్ఆర్ ఆల్ఫా-4 అనే లక్ష్యంతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరీక్ష మొదలుపెట్టింది. ఈ పరీక్షలు తొలి దశవి. తొలి దశ ప్రధానంగా చూసేది భద్రత, మోతాదు. నయమవుతుందా అన్న ప్రశ్నకు అవి సమాధానం ఇవ్వవు.

మెడుల్లరీ గురించి ఒక మాట ఆగి చెప్పాలి. దానిలో సుమారు నాలుగో వంతు వంశపారంపర్యం. కారణం రెట్ అనే జన్యువులో మ్యుటేషన్ అని 1993లో తేలింది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం. ఆ బిడ్డకు చిన్ననాడే రక్తపరీక్ష చేసి, మ్యుటేషన్ ఉంటే క్యాన్సర్ రాకముందే గ్రంథిని తీసేస్తారు. ప్రమాదం బాగా ఎక్కువున్న రకాల్లో ఏడాది లోపు, దాని తర్వాతి రకాల్లో ఐదేళ్ల లోపు. ఇందులో జన్యువును మార్చేదేమీ లేదు, దాన్ని చదవడమే. అయినా ఇప్పటిదాకా థైరాయిడ్ క్యాన్సర్‌లో జన్యు శాస్త్రం కాపాడిన ప్రాణాల్లో ఈ చిన్న పరీక్ష వాటా పెద్దది. ఇంట్లో ఒకరికి మెడుల్లరీ అని తేలితే తోబుట్టువులకు, పిల్లలకు పరీక్ష చేయించడం వాయిదా వేయకూడదు. పెళ్లి సంబంధాలు చెడతాయనే భయంతో మన ఇళ్లలో జబ్బు పేరు దాచేవాళ్లున్నారు. ఈ జబ్బు విషయంలో దాచిపెట్టడం వల్ల నష్టపోయేది పసిబిడ్డ. జబ్బు వచ్చేసినవారికి రెట్‌ను నేరుగా అడ్డుకునే సెల్పర్‌కాటినిబ్ అనే మందును అమెరికా 2020లో ఆమోదించింది.

మన దేశం సంగతి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన కార్-టీ చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ధర విదేశాల్లో అయ్యేదానిలో దాదాపు పదో వంతు అన్నారు. అయినా లక్షల్లోనే. అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకే, థైరాయిడ్‌కు కాదు. కానీ టీ కణాలను తీసి, జన్యువు చేర్చి, పెంచి, తిరిగి ఎక్కించే పనిముట్లూ నైపుణ్యమూ మన దగ్గర సిద్ధమయ్యాయి. లక్ష్యాన్ని మార్చడం తర్వాతి మెట్టు. ఆ మెట్టు చిన్నదేమీ కాదు. ప్రతి కొత్త లక్ష్యానికీ భద్రత మళ్లీ మొదటి నుంచి నిరూపించాలి.

ఇదంతా చదివిన రోగి కుటుంబం ఏం చేయాలి? మామూలు పాపిలరీ క్యాన్సర్‌కు ఆపరేషన్, అవసరమైతే రేడియో అయోడిన్ ఉత్తమ చికిత్సలుగానే ఉన్నాయి. జన్యు చికిత్స కోసం వాటిని వాయిదా వేయడం ప్రమాదకరం. థైరాయిడ్ క్యాన్సర్‌కు ‘జన్యు చికిత్స చేస్తాం’ అంటూ ఎవరైనా డబ్బు అడిగితే ఆగి ప్రశ్నించాలి. ప్రస్తుతం ఇవి పరీక్షల దశలోనే ఉన్నాయి. మన దేశంలో మనుషుల మీద జరిగే ప్రతి ఔషధ పరీక్షనూ భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయాలి. ఆ వివరాలు ఎవరైనా చూడవచ్చు. పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర ధర వసూలు చేయడం పద్ధతి కాదు. రాతపూర్వక సమ్మతి పత్రం రోగికి తెలిసిన భాషలో ఉండాలి, ఒక ప్రతి రోగి చేతికి ఇవ్వాలి.

అయోడిన్‌కు లొంగని జబ్బనో, అనాప్లాస్టిక్ అనో, మెడుల్లరీ అనో తేలినప్పుడు డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న, గడ్డకు జన్యు పరీక్ష చేయించారా అన్నది. బీఆర్ఏఎఫ్, రెట్, ఎన్‌టీఆర్‌కే అనే మూడింటిలో మార్పు ఉందో లేదో తెలిస్తే ఏ మందు పనిచేయవచ్చో, ఏ పరీక్షలో చేరే అర్హత ఉందో తేలుతుంది. అనాప్లాస్టిక్ అయితే ఆ ఫలితం రోజుల్లో రావాలి, వారాల తర్వాత వస్తే చేతిలో సమయం ఉండదు. జన్యు పరీక్షకు సాధారణంగా మళ్లీ కోత పెట్టాల్సిన పనిలేదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను ఆస్పత్రి పాథాలజీ విభాగం మైనంలో బిగించి బ్లాకుగా భద్రపరుస్తుంది. రిపోర్టు మీద ఆ బ్లాకు నంబరు ఉంటుంది. వేరే ఆస్పత్రికి మారుతుంటే రిపోర్టు కాగితంతో పాటు ఆ బ్లాకునూ అడిగి తీసుకెళ్లాలి. చాలామందికి ఇది తెలియక మళ్లీ బయాప్సీ చేయించుకుంటున్నారు. బాగా భద్రపరిస్తే ఆ బ్లాకు కొన్నేళ్ల తర్వాత కూడా జన్యు పరీక్షకు పనికొస్తుంది.